టూ ఏబీకి ఉత్తర్వు లేదు

చినగోగులపాలెం హైస్కూలు భోజనశాలకు ఆ రోజు స్లాబు వెయ్యాలి. సెంట్రింగ్ కొట్టారు, ఇనుము కట్టారు, కాంక్రీటు కలిపే మిల్లరు తిరుగుతోంది, కూలీలు తట్టలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. మొదటి తట్ట పైకి వెళ్లబోతుండగా ఆడిట్ వారి కారు వచ్చి గేటు దగ్గర ఆగింది.

పని అయిపోయాక ఆడిట్ చేస్తే తప్పు పట్టుకోవచ్చు గానీ పని ఆపడం కుదరదు. ఈ లోపాన్ని ప్రభుత్వం ఆ ఏడాదే కనిపెట్టింది. పని నడుస్తుండగానే ఆడిట్ చేసే పద్ధతి పెట్టింది. ఆ పద్ధతి కింద జిల్లాకు వచ్చిన మొదటి అధికారి శేషాచలపతి. ఆయన కారు దిగి, టేపు అడిగి, ఒక గోడ కొలిపించారు. ముప్పై అడుగులు. పక్క గోడ కొలిపించారు. అదీ ముప్పై అడుగులే.

"మంజూరెంత?" అన్నారు.

అసిస్టెంట్ ఇంజినీరు పాండురంగారావు ముందుకు వచ్చాడు. "మొదట ఇరవై అడుగుల నలుచదరం హాలుకు మంజూరైంది సార్. పునాది తియ్యకముందే పిల్లలు పెరిగారని ఇంకో పథకం కింద పది అడుగుల పొడిగింపు ఇచ్చారు. ఇరవై, పది, ముప్పై. ముప్పై బై ముప్పై వేస్తున్నాం. తొమ్మిది వందల చదరపు అడుగులు."

శేషాచలపతి జేబులోంచి కాలిక్యులేటర్ తీశారు. "ఇరవై నలుచదరం నాలుగు వందలు. ఇది మొదటి ఉత్తర్వు. పది నలుచదరం వంద. ఇది రెండో ఉత్తర్వు. రెండూ కలిపి ఐదు వందలు. తొమ్మిది వందలు వేస్తున్నారు. మిగతా నాలుగు వందలు ఏ ఉత్తర్వు కింద?"

పాండురంగారావు నవ్వాడు. పైవాళ్లు జోకు వేస్తే నవ్వడం ఆయనకు అలవాటు. శేషాచలపతి నవ్వకపోయేసరికి ఆపేశాడు.

"అది టూ ఏబీ సార్."

"ఏమిటీ?"

"ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ అంటే ఏ స్క్వేరు, బీ స్క్వేరు, టూ ఏబీ. ఏ ఇరవై, బీ పది. టూ ఏబీ నాలుగు వందలు. మీరడిగిన నాలుగు వందలు అదే సార్."

"మీరు పేరు చెప్పారు. నేను ఉత్తర్వు అడిగాను."

పాండురంగారావు సుద్దముక్క తెప్పించి సెంట్రింగ్ చెక్కల మీద బొమ్మ గీశాడు. ఈ మూల ఇరవై అడుగుల చతురస్రం. ఎదుటి మూల పది అడుగుల చతురస్రం. రెంటికీ అటొకటి, ఇటొకటి దీర్ఘచతురస్రాలు మిగిలాయి. "ఒక్కోటి ఇరవై ఇంటూ పది. ఒక్కోటి ఒక ఏబీ. ఇవి వెయ్యకపోతే కప్పుకి రెండు కంతలుంటాయి సార్."

శేషాచలపతి బొమ్మను చాలాసేపు చూశారు. "కంతలకు కూడా మంజూరు లేదు. అయితే కంతలకు ఖర్చు లేదు కనక వాటి మీద మాకు అభ్యంతరం లేదు" అన్నారు. అభ్యంతరం రాసి, ఇద్దరి సంతకాలు తీసుకుని, కారెక్కి వెళ్లిపోయారు.

కాంట్రాక్టర్ సత్తిబాబు మిల్లరు ఆపించాడు. "ఆయ్, ఏఈ గారండీ, కలిపేసిన కాంక్రీటు ఏం చెయ్యమంటారండి? ఇంకో గంటుంటే గట్టిపడిపోద్దండి."

"ఎక్కడన్నా పొయ్యవయ్యా."

సత్తిబాబు గేటు పక్కన పోయించాడు. మర్నాటికి అది దిబ్బయింది. పిల్లలు దాని మీద కూర్చుని అన్నం తిన్నారు. చోటు దొరకనివాళ్లు, ఎప్పటిలాగే, ఎండలో కూర్చున్నారు.

ఆడిట్ అభ్యంతరాలు పాండురంగారావుకు కొత్త కాదు. వాటికి జవాబు రాస్తూనే ఆయన జుట్టు నెరిసింది. కానీ ఈసారి ఆయన పేరు డిప్యూటీ ఇంజినీరు పదోన్నతి జాబితాలో ఉంది. నెత్తిన ఆడిట్ అభ్యంతరం ఉన్నవాడికి పదోన్నతి ఇవ్వకూడదని నియమం. అభ్యంతరం పోవాలి, జాబితా బయటికి రాకముందే పోవాలి.

"మా పెదనాన్నగారికి చెప్పేశానండీ" అంది ఆయన భార్య సువర్చల, భోజనం వడ్డిస్తూ. "మా ఆయన డీఈ అయిపోయారని."

"ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

"ఎవరూ చెప్పమనక్కర్లేదు. ఎప్పుడూ ఆయనగారి అల్లుళ్ల గొప్పలే నేను వినాలా? అయినా ఆ టూ ఏబీ ఏంటో, వాళ్ల మొహాన కొట్టేసి రాకూడదూ?"

"అది కొట్టేస్తే పోయేది కాదే."

ఈ మాట అన్నందుకు తర్వాత ఆయనే సిగ్గుపడాల్సి వచ్చింది.

టూ ఏబీకి ఉత్తర్వు ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతూ పాండురంగారావు మళ్లీ స్కూలుకే వచ్చాడు. హెడ్మిస్ట్రెస్ మేరీ సునందమ్మ లెక్కల టీచరు కూడా. ఆవిడ ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది.

"ఇదిగోండి, గళ్లు కట్టి మరీ వేశారు. వేసింది ప్రభుత్వమే, పంచింది ప్రభుత్వమే. ఇంతకన్నా ఉత్తర్వు ఏం కావాలండి? నాకు మాత్రం వానలు పడకముందు కప్పు పడాలి. వరండాలో కూర్చోబెడితే జల్లు కొడుతుంది, క్లాసులో కూర్చోబెడితే మెతుకులకి చీమలు. పిల్లలు ఎక్కడ తినాలో మీరే చెప్పండి."

పాండురంగారావు ఆ పేజీ జత చేసి జవాబు పంపాడు. ఆడిట్ నుంచి తిరుగు జవాబు వచ్చింది. "జతపరచిన పుస్తకము పరిశీలించడమైనది. సదరు పుస్తకముపై 'ఉచిత పంపిణీ' అని ముద్రించి ఉన్నది. ఉచితముగా ఇచ్చిన పుస్తకములోని సూత్రము వలన ప్రభుత్వముపై ఆర్థిక భారము పడుటకు వీలులేదు. అయినను, టూ ఏబీ తప్పనిసరియా, ఐచ్ఛికమా అను విషయముపై స్పష్టత కోరుతూ విద్యాశాఖకు నివేదించడమైనది."

విద్యాశాఖలో ఆ కాగితం అందిన రోజు ఎవరో ఒకరు నవ్వి అవతల పారేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ స్పష్టత కోరిన కాగితాన్ని పారెయ్యడానికి ఎవరికీ అధికారం లేదు. అది ఒక్కో బల్ల మీద ఒక్కో సంతకంతో బరువెక్కుతూ పైకి వెళ్లింది. పైన బీజీయ వ్యయ నియంత్రణ సంఘం ఏర్పడింది.

సంఘం సమావేశానికి పాండురంగారావును రాజధానికి పిలిచారు. అధ్యక్షుడు ప్రత్యేక ప్రధాన కార్యదర్శి. ఆయనకు కుడివైపు శేషాచలపతి. ఎడమవైపు డాక్టర్ తారకేశ్వర్, పాఠ్యప్రణాళికా నిపుణుడు. ఆయన పాఠం చెప్పడం మానేసి చాలా కాలమైంది. పాఠం ఎలా చెప్పాలో చెబుతున్నారు.

"మిత్రులారా" అన్నారు తారకేశ్వర్, తెర మీద బొమ్మ వేయించి. "ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ ఎంత అని మన పిల్లల్ని అడిగాం. నూటికి డెబ్భై మంది ఏ స్క్వేర్ ప్లస్ బీ స్క్వేర్ అని రాశారు. అంతే. టూ ఏబీ రాయలేదు. వీళ్లెవరూ ఒకరి పేపరు ఒకరు చూడలేదు. వేర్వేరు జిల్లాల వాళ్లు. ఒకడు తప్పు రాస్తే అది తప్పు. ఇంతమంది ఒకే మాట రాస్తే అది ప్రజాభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని మనం ఇన్నేళ్లుగా ఎర్ర సిరాతో కొట్టేస్తున్నాం."

గదిలో అందరూ తలలు ఊపారు.

"టూ ఏబీ తీసేస్తే ఫలితాలెలా ఉంటాయి?" అని అడిగారు అధ్యక్షుడు.

"లెక్కల్లో ఉత్తీర్ణత ఒక్క రోజులో పెరుగుతుంది సార్. కొత్త టీచరు అక్కర్లేదు. కొత్త పుస్తకం కూడా అక్కర్లేదు. ఉన్నదాంట్లో ఒక పదం మీద తెల్ల కాగితం అంటిస్తే చాలు."

"పొదుపు?"

శేషాచలపతి లేచి నిలబడ్డారు. "రెండు పథకాలు కలిసిన ప్రతి కట్టడంలోనూ ఈ మధ్య పదం దూరుతోంది సార్. ఏ స్క్వేర్‌కు ఉత్తర్వుంది, బీ స్క్వేర్‌కు ఉత్తర్వుంది. మధ్యలో ఇది ఎలా వచ్చింది, ఎవరు రానిచ్చారు అన్నది ఎక్కడా లేదు."

"మధ్యలో దూరినవాటన్నిటినీ ప్రభుత్వం అనుమానించాలి" అన్నారు అధ్యక్షుడు. తర్వాత పాండురంగారావు వైపు తిరిగారు. "ఫీల్డ్ అభిప్రాయం కూడా తీసుకుందాం. ఏఈ గారూ, మీ సర్వీసులో టూ ఏబీని విడిగా ఎప్పుడైనా చూశారా?"

పాండురంగారావు లేచాడు. సమావేశం మొదలవకముందు శేషాచలపతి ఆయన్ని వరండాలోకి పిలిచి ఒక ముక్క చెప్పారు. టూ ఏబీ ఉందని తేలితే దానికి ఉత్తర్వు తెచ్చుకోవాలి, అభ్యంతరం అంతవరకూ నిలుస్తుంది. టూ ఏబీయే లేదని తేలితే, లేనిదాని మీద అభ్యంతరం ఉండదు. స్లాబు ఎలాగూ వెయ్యలేదు. కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన రోజున అభ్యంతరం కొట్టేస్తారు.

ఆయన చేతి సంచిలో ఎనిమిదో తరగతి పుస్తకం ఉంది. పేజీ గుర్తుకు సునందమ్మ చీటీ పెట్టి ఇచ్చింది. ఆయన సంచి ముట్టుకోలేదు.

"ఫీల్డులో టూ ఏబీ అంటూ విడిగా ఏదీ కనబడదు సార్" అన్నాడు.

అందులో అబద్ధం లేదు. హాలు కట్టాక ఎక్కడ ఏ స్క్వేర్ ముగిసి ఎక్కడ టూ ఏబీ మొదలైందో ఎవరికీ కనబడదు. ఆ మాటను "క్షేత్రస్థాయి ఇంజినీర్ల ఏకాభిప్రాయం" అని రాసుకున్నారు.

ఒక సభ్యుడికి సందేహం వచ్చింది. "మరి ఏ మైనస్ బీ హోల్ స్క్వేర్ సంగతి?"

"అక్కడున్నది మైనస్ టూ ఏబీ" అన్నారు శేషాచలపతి. "అది తగ్గింపు. తగ్గింపులు యథాతథంగా కొనసాగుతాయి."

ఉత్తర్వు వారంలో వచ్చింది. "ఇందుమూలముగా ధన రూపములోనున్న టూ ఏబీ తక్షణమే రద్దుపరచడమైనది. రుణ రూపములోనున్న టూ ఏబీ అమలులో ఉండును. సంబంధిత శాఖలన్నియు తమ కట్టడములను, ఉపాధ్యాయులందరు తమ బోధనను తదనుగుణముగా సవరించుకొనవలెను." బస్టాండుల్లో బోర్డులు వెలిశాయి. "చిన్న సూత్రం, పెద్ద పొదుపు" అని రాసి కింద అధ్యక్షుడి ఫొటో వేశారు.

సత్తిబాబు సెంట్రింగ్ విప్పి మళ్లీ కొట్టాడు. ఇరవై అడుగుల చతురస్రం ఒక మూల, పది అడుగుల చతురస్రం ఎదుటి మూల. గోడలు లేని వైపు స్తంభాలు లేపాడు. రెండు కప్పులూ ఒకదాన్నొకటి ఒక్క బిందువు దగ్గర ముట్టుకున్నాయి. మిగతా రెండు చోట్లా ఆకాశం కనబడింది.

"హాలు చాలా గాలిగా ఉందండీ" అంది సునందమ్మ, ప్రారంభోత్సవం రోజున తల పైకెత్తి. "టూ ఏబీలో కూరమళ్లు పోసుకోవచ్చాండి? వంకాయో బెండకాయో అన్నా కాస్తాయి."

"అమ్మా, ముందు సగమన్నా పడింది కదా. సంతోషించండి" అన్నాడు పాండురంగారావు.

"సగం కాదు సార్, సగం కన్నా కాస్త ఎక్కువ. ఐదు బై తొమ్మిది. నేను లెక్కల టీచర్ని."

ప్రారంభోత్సవానికి వచ్చిన తారకేశ్వర్ పనిలో పనిగా ఎనిమిదో తరగతికి వెళ్లారు. సునందమ్మ బోర్డు మీద ఐదు ప్లస్ రెండు హోల్ స్క్వేర్ వేసి ఒక అమ్మాయిని లేపింది.

"ఏడేళ్లు నలభై తొమ్మిది టీచర్" అంది ఆ అమ్మాయి. కాస్త ఆగి, "కొత్త పద్ధతిలో అయితే ఇరవై ఐదు, నాలుగు, ఇరవై తొమ్మిది. ఏది రాయమంటారు?"

సునందమ్మ తారకేశ్వర్ వైపు చూసింది. "సార్‌ని అడుగమ్మా. నాకు మొన్ననే మెమో వచ్చింది."

తారకేశ్వర్ ఆ అమ్మాయి భుజం తట్టారు. "మంచి ప్రశ్న వేశావమ్మా. నలభై తొమ్మిది మన సంప్రదాయం. ఇరవై తొమ్మిది మన విధానం. సంప్రదాయాన్ని గౌరవించాలి, విధానాన్ని రాయాలి."

"మరి కొట్లో ఏడేసి రూపాయల పెన్నులు ఏడు కొంటే?"

"అది వాణిజ్యశాఖ పరిధి" అన్నారు తారకేశ్వర్.

ఆ ఏడాది లెక్కల ఫలితాలు ఆయన చెప్పినట్టే పెరిగాయి. టూ ఏబీ రాసినవాళ్లకు అర మార్కు కోత పడింది. పొదుపు కూడా పెరిగింది. పక్క మండలంలో మూడు మీటర్ల నీళ్ల ట్యాంకు రెండు పథకాల కింద వచ్చింది, ఒకటి రెండు మీటర్లకు, ఇంకొకటి ఒక మీటరుకు. రెండు ఘనం ఎనిమిది, ఒకటి ఘనం ఒకటి అని తొమ్మిది ఘనపు మీటర్ల ట్యాంకు కట్టారు. ఇరవై ఏడు పట్టాల్సిన చోట తొమ్మిది పట్టింది. ఊళ్లో మూడో వంతుకు నీళ్లు వచ్చాయి. మిగతా రెండు వంతుల జనం మధ్య పదాల్లో ఉన్నారని అధికారులు జవాబిచ్చారు.

పాండురంగారావు కంప్లీషన్ సర్టిఫికెట్ పంపాడు. అభ్యంతరం కొట్టేస్తారని ఎదురుచూశాడు. దానికి బదులు మళ్లీ రాజధానికి పిలుపు వచ్చింది.

ఈసారి సంఘంలో కొత్త మనిషి ఉన్నారు. ఆర్థిక శాఖ సంయుక్త కార్యదర్శి మృణాళిని. వయసు చిన్నది, చదువు పెద్దది. ఆవిడ చినగోగులపాలెం ప్లాను ముందు పెట్టుకుని ఒకే ప్రశ్న అడిగారు.

"ముప్పై అడుగుల్ని ఇరవై, పది అని ఎందుకు విడగొట్టారు?"

"రెండు పథకాలు మేడం" అన్నాడు పాండురంగారావు.

"పథకాల సంగతి కాదు. పదిహేను, పదిహేను అని విడగొడితే ఎంత అయ్యేది?"

శేషాచలపతి కాలిక్యులేటర్ నొక్కారు. "రెండు వందల ఇరవై ఐదు, రెండు వందల ఇరవై ఐదు. నాలుగు వందల యాభై." ఆయన గొంతు కాస్త మారింది. "యాభై తగ్గింది."

"మూడు పదులుగా?"

"మూడు వందలు."

"ముప్పై ఒకట్లుగా?"

శేషాచలపతి కాలిక్యులేటర్ నొక్కలేదు. అక్కర్లేకపోయింది. "ముప్పై" అన్నారు. "ముప్పై చదరపు అడుగులు."

తొమ్మిది వందల హాలు ముప్పైలో వస్తుందని అంతవరకూ ఎవరికీ తట్టలేదు.

"మనం ఇన్నాళ్లూ పొదుపు చేస్తున్నామనుకున్నాం" అన్నారు మృణాళిని. "నిజానికి నాలుగు వందల డెబ్భై చదరపు అడుగులు దుబారా చేశాం. ముప్పై అడుగులంటే ముప్పై విడి విడి అడుగులు. ప్రతి అడుగూ ఒక ప్రత్యేక పద్దు. పదాలు ఎంత ఎక్కువైతే ఖర్చు అంత తక్కువ."

"అంగుళాలుగా విడగొడితే?" అన్నారు తారకేశ్వర్, ఉత్సాహం పట్టలేక.

"మొత్తం రెండున్నర చదరపు అడుగులు. మిల్లీమీటర్లకు వెళితే కప్పు అరచేతిలో పడుతుంది" అన్నారు మృణాళిని.

అధ్యక్షుడు చెయ్యెత్తి ఆపారు. "వద్దు. మనది సంక్షేమ ప్రభుత్వం. అడుగు దగ్గర ఆగుదాం."

ఆ మానవతను సభ్యులు బల్లలు చరిచి అభినందించారు. ఉత్తర్వు పాత తేదీ నుంచి అమలవుతుందని తీర్మానించారు. చినగోగులపాలెం మొదటిది కనక అక్కడే ఆదర్శ కప్పు కావాలన్నారు. ఫీల్డ్ అభిప్రాయం అడిగారు. పాండురంగారావు లేచి, "అమలు చేస్తాం సార్" అన్నాడు. జాబితా ఇంకా రాలేదు.

సత్తిబాబు ఈసారి సుత్తులు, డ్రిల్లింగ్ మిషన్లు తెచ్చాడు. ఐదు వందల చదరపు అడుగుల కప్పులో ముప్పై ఉంచి మిగతాది పగలగొట్టాలి. ఇరవై అడుగుల చతురస్రం మూల నుంచి పది అడుగుల చతురస్రం మూల దాకా, ఐమూలగా, అడుగేసి గళ్లు ముప్పై మిగిలాయి. ఒక్కో గడి పక్క గడిని మూల దగ్గర మాత్రమే ముట్టుకుంటుంది. వాటంతట అవి నిలబడవు కనక కింద ఐమూలగా ఒక దూలం వెయ్యాలని డిజైన్ విభాగం రాసింది. ఆ మూల నుంచి ఈ మూలకు నలభై రెండు అడుగులు దాటింది. దాని కింద స్తంభాలు, స్తంభాల కింద పునాదులు. పాత కప్పంతా వెయ్యడానికయ్యే దానికన్నా దూలానికి ఎక్కువైంది. కానీ దూలం పొడవు మాత్రమే ఉన్న వస్తువు, దానికి స్క్వేర్ లేదు, కాబట్టి పొదుపు లెక్కలోకి రాదని శేషాచలపతి తేల్చారు.

"తమరి లెక్కలు చల్లగుండాలండి" అన్నాడు సత్తిబాబు, చెమట తుడుచుకుంటూ. "ఏసిందానికో బిల్లు, ఇరగ్గొట్టిందానికో బిల్లు, దూలానికో బిల్లు. ఆయ్, ఈ టూ ఏబీ గారెవరోగానీ మా పాలిట దేవుడండి. ఫొటో ఉంటే ఇప్పించండి, ఇంట్లో పెట్టుకుంటాను."

ఆదర్శ కప్పు పూర్తయ్యేసరికి వానాకాలం వచ్చేసింది. ఒక్క సంతకం మిగిలింది. కొత్త కప్పు కారుతుందో లేదో వాన పడుతుండగా స్వయంగా చూసి ఏఈ ధ్రువీకరించాలి. ఆ కాగితం చేరిన రోజున అభ్యంతరం పోతుంది. అభ్యంతరం పోతే జాబితాలో పేరు నిలుస్తుంది. జాబితా సంతకానికి వెళ్లిందని ఆఫీసు నుంచి ఫోను వచ్చింది.

మర్నాడు పాండురంగారావు వెళ్లేసరికి మధ్యాహ్న భోజనం గంట కొట్టారు. వాన కురుస్తోంది. నాలుగు గోడల మధ్య పిల్లలు ఈ మూల నుంచి ఆ మూలకు ఐమూలగా ఒక వరసలో కూర్చున్నారు, గడికొకరు. ఇరవై తొమ్మిది మంది. ముందువాడి వీపుకు కంచం ఆనించి తింటున్నారు. కదిలితే తడుస్తారని ఎవరూ కదలడం లేదు. మిగతావాళ్లు వరండాలో కంచాలు నెత్తిన పెట్టుకుని తమ వంతు కోసం నిలబడ్డారు. చివరి జట్టు తినేసరికి బడి వదిలేస్తున్నారని సునందమ్మ చెప్పింది.

"ఒక గడి ఖాళీ చేయించాను సార్, మీ కోసం. కూర్చోండి. కప్పు చూడాలంటే కింద కూర్చుని చూడాలి కదా."

"ఫరవాలేదమ్మా, నిలబడి చూస్తాను."

"నిలబడితే ఏం కనబడుతుందండి? పిల్లలు కూర్చునే చోటు. రండి."

ఆయన కూర్చున్నాడు. ఆవిడ కంచం పెట్టి అన్నం, సాంబారు వడ్డించింది. పాండురంగారావు లావుపాటి మనిషి కాదు, కానీ అడుగు వెడల్పు మనిషీ కాదు. రెండు భుజాల మీదా వాన పడింది. చొక్కా భుజాల నుంచి మోచేతుల దాకా తడిసింది. మధ్యలో బొత్తాల పట్టీ మాత్రం పొడిగా ఉంది.

సునందమ్మ గొడుగు కింద నిలబడి చూసింది.

"మీరా రోజు సెంట్రింగ్ మీద బొమ్మ గీశారు, గుర్తుందాండి? నేను కింద నుంచి విన్నాను. అటొకటి, ఇటొకటి అన్నారు. ఇప్పుడు మీ ఎడం భుజం ఒక ఏబీలో ఉంది. కుడి భుజం ఇంకో ఏబీలో ఉంది. విడిగా కనబడదని చెప్పొచ్చారట. కనబడుతోందా సార్?"

ఆయన కంచంలో సాంబారు పలచనవుతోంది.

"కాగితంలో రిమార్కులని ఒక గడి ఉంటుందిగా" అంది ఆవిడ. ఈసారి గొంతులో ఎత్తిపొడుపు లేదు. "అందులో ఒక్క మాట రాయండి. పిల్లలు తడుస్తున్నారని రాయండి చాలు. లెక్కలొద్దు, సూత్రాలొద్దు. మీరు రాస్తే ఆ కాగితాన్ని పారెయ్యడానికి ఎవరికీ అధికారం ఉండదు. అదీ ఒక్కో బల్ల మీద ఒక్కో సంతకంతో పైకి వెళ్తుంది."

అది నిజమేనని పాండురంగారావుకు తెలుసు. ఆ కొలువులో ఆయనకు అంతకన్నా బాగా తెలిసిందేదీ లేదు. ముందు గడిలో కూర్చున్న పిల్ల వెనక్కి తిరిగి, "సార్, మీ కంచం నా వీపుకు ఆనించుకోండి, తడవదు" అంది.

జేబులో ఫోను మోగింది. సువర్చల. "ఏవండీ, మా పెదనాన్నగారు వచ్చారు. డీఈ గారి దర్శనం చేసుకునే వెళ్తానంటున్నారు. స్వీట్లు కూడా తెచ్చారు. ఎంతసేపట్లో వస్తారు?"

"వస్తున్నా. ఒక్క సంతకం మిగిలింది."

ఆయన కంచం పక్కన పెట్టి, సంచిలోంచి కాగితం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తల పైకెత్తి కప్పు చూశాడు. అడుగు గడిలో చెమ్మ లేదు, పగులు లేదు. సత్తిబాబు పని మంచిదే. "మంజూరైన కప్పు కింద ఎక్కడనూ కారుట లేదని స్వయముగా కూర్చుని పరిశీలించి ధ్రువీకరించడమైనది" అని రాశాడు. రిమార్కుల గడిలో ఒక అడ్డగీత గీశాడు.

సంతకం పెట్టేటప్పుడు కాగితం మీద చినుకు పడకుండా ముందుకు వంగాడు. అక్కర్లేకపోయింది. కాగితం అడుగు వెడల్పులో సరిగ్గా ఇమిడింది.